గోడలోపలి తడి

వాక్యభాగము: లేవీయకాండము 14:33–53



లేవీయకాండము 14వ అధ్యాయమును మనలో చాలామంది గబగబ చదివి దాటిపోవుదురు. కుష్ఠుపొడ, రాళ్లు, అడుసు, పక్షులు – ఇవన్నీ మనకెందుకులే అనిపించును. కాని ఒక సంగతి గమనించండి. ఇంటిగోడకు పట్టిన పొడను గూర్చిన ఈ విధి ఇండ్లు గలవారికి ఇయ్యబడలేదు. అరణ్యములో గుడారములలో ఉన్నవారికి ఇయ్యబడినది. వారికి అప్పటికి గోడ లేదు, గోడకు పూత లేదు. అయినను, మీరు కనానులో ప్రవేశించి స్థిరపడిన తరువాత మీ ఇండ్లలో ఇట్టిది కనబడునని దేవుడు మోషేకును అహరోనుకును ముందుగానే చెప్పుచున్నాడు. తాతల నాడు మూటాముల్లె నెత్తిన పెట్టుకొని కోలారు బంగారు గనులకు, షోలాపురము మగ్గములకు, బరంపురమునకు వచ్చి స్థిరపడినవారి పిల్లలమైన మనము ఈ మాటను కొంచెము ఆగి చదువవలెను. గుడారమునకు చెమ్మ పట్టితే ఎండలో ఆరవేసికొనవచ్చును. గోడకు పట్టిన చెమ్మ అట్లు పోదు.

ఆ విధిలోని క్రమము చూడండి. మొదట ఇంటి యజమానుడే యాజకుని యొద్దకు వచ్చి, నా ఇంట ఏదో పొడవంటిది కనబడుచున్నదని చెప్పవలెను. పొరుగువాడు వచ్చి చెప్పుట కాదు. యాజకుడు గోడను చూచునప్పుడు అది గోడపైభాగము కంటె లోతుగా ఉన్నదా అని చూడవలెను. ఏడు దినములు ఇంటిని మూసియుంచవలెను. అది వ్యాపించియుంటే ఆ రాళ్లను మాత్రమే ఊడదీసి ఊరి వెలుపల పారవేసి, లోపలంతా గీకించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టవలెను. ఇంటిని పడగొట్టుట మొదటి ఆజ్ఞ కాదు, చివరి ఆజ్ఞ.

ఈ భాగము మాకు కన్నులకు కట్టినట్లు తెలిసినది ఒక పాత బండి దగ్గర. 2018లో మేమిద్దరము అమెరికాలో ఓహియో రాష్ట్రముననున్న మా కుమార్తె ఇంట ఆరు నెలలు ఉన్నాము. ఆ వేసవిలో మా అల్లుడు 1986లో తయారైన ట్రక్ క్యాంపరును ఒకదానిని చౌకగా కొని, ఇంటిముందరే బాగుచేసికొన్నాడు.

ట్రక్ క్యాంపరంటే ఏమిటో కొందరికి తెలియకపోవచ్చును. అక్కడ పికప్ ట్రక్కు అను చిన్న లారీ చాలామందికి ఉండును. దాని వెనుక తొట్టిలో, ఏనుగు మీద అంబారీ పెట్టినట్లు, ఒక చిన్న గదిని కూర్చోబెట్టుదురు. అందులో పొయ్యి, నీళ్లతొట్టి, బల్ల ఉండును. పడక మాత్రము డ్రైవరు క్యాబిను మీదికి పొడుచుకొని వచ్చి ఉండును. సెలవులలో కుటుంబమంతా అందులోనే వండుకొని, పండుకొని, ఊళ్లు చూచి వచ్చెదరు. అవసరము తీరిన తరువాత నాలుగు మూలల జాకీలతో గదిని పైకెత్తి, ట్రక్కును కిందనుండి తప్పించెదరు. జాన్ స్టైన్‌బెక్ అను రచయిత 1960లో ఇట్టి బండిలోనే ఒక కుక్కను తోడు తీసికొని అమెరికా అంతా చుట్టివచ్చాడు. ఆ బండిని కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణములో భద్రము చేశారు.

పైకి అది రేకు పెట్టెవలె కనబడును. నిజమునకు అది కర్ర ఇల్లు. అంగుళమున్నర మందము గల మెత్తని కర్రలతో చట్రము, దాని మీద పలుచని అల్యూమినియము రేకు, లోపలివైపు పలుచని ప్లైవుడ్, రెంటి నడుమ చలి ఆపుటకు గాజు దూది. రేకులు కలిసికొను మూలలలో మైనమువంటి ముద్ద పెట్టి, దానిపై లోహపు పట్టీని మరలతో బిగింతురు. ఏండ్లు గడిచేకొద్ది ఆ ముద్ద ఎండి పగులును. చలికాలములో పగులులోని నీరు గడ్డకట్టి దానిని మరింత వెడల్పు చేయును. పడక ముందరి కిటికీ, పైకప్పులోని గాలిమూత, ముందరి చిన్న దీపములు – వీటి అంచులే నీటికి వాకిండ్లు.

మా అల్లుడు కొన్నప్పుడు పడక కాళ్లవైపు గోడమీద టీ ఒలికినంత మరక ఒకటి ఉండెను, అంతే. “మామయ్యగారూ, పైన సీలెంటు పూసి రంగు వేస్తే రెండు శనివారాల పని” అన్నాడు. పొరుగింటి పెద్దాయన జీవితమంతా వడ్రంగము చేసినవాడు. ఆయన వచ్చి, మాటలేమియు చెప్పక, ఒక స్క్రూడ్రైవరు అల్లుని చేతికిచ్చి, మరక ఉన్నచోట పొడిచి చూడుమన్నాడు. అది పిడివరకు దిగిపోయినది. అక్కడనుండి ముందుకు పొడుచుకొంటూ పోగా, నాలుగడుగుల దూరములో, ముందరి కిటికీ కింద, ఇంకను మెత్తగా ఉన్నది. నీరు కిటికీ దగ్గర ప్రవేశించి, కర్రవెంట పాకి, కాళ్లవైపు కనబడినదన్నమాట. మరక ఉన్నచోట ఎంత పూత పూసినను ప్రయోజనమేమి?

పెద్దాయన చెప్పినది మరియొకటి ఉన్నది. లోపల తడి ఉండగా పైన పూత పూస్తే, నీరు వచ్చుదారితోబాటు తడి ఆరిపోవుదారి కూడ మూసినట్లే. కర్రను తిను బూజుకు తడి కావలెను. కర్రలో తేమ నూటికి ఇరువది పాళ్లకు తగ్గితే అది పెరుగలేదు. ఆ తేమను చూచుటకు రెండు ముండ్లుగల చిన్న సాధనము ఉన్నది. ఆరనిచ్చుటకు ముందు తెరువవలెను, తెరచినది ఆరకముందు మూయకూడదు. మేము వెంటనే యాజకుడు మూయించిన ఏడు దినములను తలంచుకొన్నాము.

యెహెజ్కేలు 13వ అధ్యాయములో ప్రవక్త కోపించినది ఇట్టి పూతనుగూర్చియే. జనులు గోడ కట్టగా, ప్రవక్తలమనుకొనువారు వచ్చి దానికి అంటుకొనని పూత పూసి, సమాధానము లేనిచోట సమాధానమన్నారు. గోడను పరీక్షింపను వచ్చినది ప్రవక్త కాదు, వాన.

రెండు శనివారాల పని వేసవియంతా పట్టినది. జాకీలను మాత్రమే నమ్ముకొనక కింద కర్రదిమ్మెలు పేర్చి, లోపలి ప్లైవుడ్ ఊడదీశారు. తడిసిన రొట్టెవలె కర్ర చేతిలో విడిపోయినది. అయితే కుళ్లిన ముక్కను అల్లుడు వెంటనే పారవేయలేదు. దానిని కొత్త కర్రమీద పరచి, మా మనుమరాలిచేత పెన్సిలుతో గీత గీయించి, ఆ కొలతకే కోశాడు. (ఉపాధ్యాయ శిక్షణలో మాకు కొంత చేతిపని నేర్పియుండుటచేత రంపము పట్టు పని మాకు దక్కినది.) ఎక్కడివరకు కోయవలెనని అడిగితే, “కుళ్లు కనబడినంతవరకు కాదు, గట్టి కర్ర తగిలేవరకు” అన్నాడు పెద్దాయన. కొన్ని కర్రలు కొసన మాత్రమే చెడియుండగా, వాటిని తీయనీయలేదు. ప్రక్కన కొత్త కర్రను జిగురుతోను మరలతోను జత చేయించాడు. లావు కర్రలు వేస్తే ఇంకా గట్టిగా ఉండును గదా అని అల్లుడు అడుగగా, ట్రక్కు తలుపు అంచున అంటించిన చీటీ చూపించాడు. ఆ ట్రక్కు మోయగల బరువు అందులో ఉన్నది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వత్తము. మన సంఘములలో ఒకదానిని గూర్చి, అక్కడి పెద్దల అనుమతితో, పేరు చెప్పక వ్రాయుచున్నాము. అక్కడ రెండు కుటుంబములు పదకొండు సంవత్సరములుగా మాటలాడుకొనుట లేదు. ఒకరు కిటికీవైపు, మరియొకరు తలుపువైపు కూర్చుందురు. ప్రభు బల్లకు ఒకరు లేచితే మరియొకరు లేవరు. ఎవరినడిగినను, కోత పండుగ వేలములో గుమ్మడికాయ పాటదగ్గర తగవు వచ్చినదందురు. నవ్వు వచ్చును గాని, గుమ్మడికాయ మరక మాత్రమే. అంతకు ముందటి యేడు ఒక ఇంటి తల్లి ప్రభునందు నిద్రించినప్పుడు, రెండవ ఇంటి మగవారు భూస్థాపనకు రాలేదు, పెట్టె మోయలేదు. కబురే అందలేదని వీరు, అందినను రాలేదని వారు. నీరు ప్రవేశించినది అక్కడ.

ఆ సంఘము డెబ్బదియైదేండ్ల జూబిలీకి సిద్ధపడుచున్నది. గోడలకు రంగు, బలిపీఠమునకు గ్రానైటు, కొత్త మైకు. జూబిలీ వేదికమీద ఇద్దరు పెద్దలచేత చేయి చేయి కలిపించి ఫోటో తీయిద్దామని ఒక డీకను సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కాని అది తడి కర్రమీద సీలెంటు కాదా? కొందరు యౌవనులు, వీరితో వేగలేము, వేరే సంఘము పెట్టుకొందమన్నారు. చట్రమంతా కుళ్లక మునుపే పారవేయుట అది. మన తెలుగు సంఘములకు ఇది అలవాటైన మందు. మరికొందరు ఇట్టివి మరల జరుగకుండ నియమావళిలో పది నిబంధనలు చేర్చుదమన్నారు. నిబంధనలు మేమును వ్రాసినవారమే. అయితే ట్రక్కు మోయవలెను గదా.

ఆ పెద్దలు మమ్మును పిలిచినప్పుడు మేము చూపించినది 36వ వచనము. యాజకుడు చూడవచ్చుటకు ముందే ఇంటిలోని సమస్తమును బయటికి తెప్పింపుమని దేవుడు ఆజ్ఞాపించుచున్నాడు. లేనియెడల ఇంటిలోనిదంతయు అపవిత్రమగును. ఆయన ఎంత దయగలవాడో చూడండి. చాపలు, కుండలు కూడ ఆ తీర్పులో చిక్కకుండ కాపాడుచున్నాడు. మరి ఆ రెండు ఇండ్లలోని పిల్లలు? ఒక ఆదివారపు బడిలో ఒకే బెంచీమీద కూర్చుండు పిల్లలకు అమ్మమ్మ చావును, గుమ్మడికాయను ఎవరు చెప్పిరి? కనుక మొదట చేసినది ఇదే. పిల్లల యెదుట ఈ మాట ఎత్తమని రెండు ఇండ్లవారు వేరువేరుగా పెద్దలకు మాట ఇచ్చిరి. అంతవరకే. సమాధానపడిరని మేము వ్రాయుట లేదు.

క్యాంపరు విషయము కూడ ఒక్కసారిగా ముగియలేదు. కొత్త జిగురుపట్టీ పెట్టి, రేకు బిగించి, గొట్టముతో కిందనుండి పైకి నెమ్మదిగా నీరు కొట్టి చూచారు. గాలిమూత దగ్గర మరల చెమ్మ కనబడినది. మా అల్లుడు ముఖము చిన్న చేసికొన్నాడు గాని, ఊడదీశాడు. రెండవసారి నిలిచినది. సెప్టెంబరులో వాన కురిసిన రాత్రి, దీపము పట్టుకొని లోపలికి వెళ్లి గోడలన్నిటిని అరచేతితో తడిమి వచ్చాడు. యాజకుడును అట్లే మరల వచ్చి చూచును. గోడ బాగైన తరువాతనే 53వ వచనములో ఒక పక్షిని ఊరి వెలుపల బయటి పొలములోనికి విడిచిపెట్టుదురు.

ఆ సంఘపు పాస్టరుగారును ఇద్దరు పెద్దలును తల్లిని పోగొట్టుకొన్న ఇంటికి మూడు పర్యాయములు వెళ్లిరి. మొదటిసారి మంచినీళ్లు ఇచ్చిరట. రెండవసారి కాఫీ ఇచ్చిరట. మూడవసారి ఆ ఇంటి పెద్ద పెట్టె తెరచి, ఆనాటి భూస్థాపన ఫోటో తీసి, పెట్టె మోసినవారి పేర్లు ఒక్కొక్కటి చెప్పి, ఒక మూల ఖాళీగా ఉన్న చోటును వేలితో చూపించాడట. ఆ పదకొండేండ్లలో ఆ ఫోటోను ఎవరును చూచియుండలేదు. జూబిలీ తేదీని వాయిదా వేశారు. రంగు డబ్బాలు మూత తీయకుండ వెస్ట్రీ గదిలోనే ఉన్నవి. వచ్చే నెల మొదటి శనివారము సాయంకాలము, ఆ ఫోటోను ఆయన అనుమతితో వెంట తీసికొని, రెండవ ఇంటికి వెళ్లుచున్నారు. ఆ గంటలో మీ మీ ఇండ్లలో వారిని ప్రార్థనయందు జ్ఞాపకము చేసికొనగోరుచున్నాము.