పోయొస్తానని చెప్పే ముందు

మన సీమలో ఇల్లు విడిచి ప్రయాణమయ్యేవారు 'పోతాను' అనరు, 'పోయొస్తా' అంటారు. అందులో తిరిగి వస్తామన్న మాట ఉంది. కాని తిరిగి రావడం మన చేతిలో ఉన్న పని కాదు. ఏ ప్రాణీ తాను ఏ నేలమీద మరణిస్తుందో ఎరుగదని దివ్య ఖుర్‌ఆన్ లుఖ్మాన్ సూరా చివర్లో హెచ్చరిస్తోంది. అందుచేత ప్రయాణానికి సిద్ధం కావడమంటే పెట్టె సర్దుకోవడం మాత్రమే కాదు, తన మీద ఉన్న హక్కులను తీర్చుకోవడం.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలవారికి దూరదేశ ప్రయాణం కొత్తది కాదు. ఎన్నో ఏళ్లుగా ఇక్కడి స్త్రీ పురుషులు పొట్ట చేతబట్టుకుని కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లలున్న ఇళ్లు మనకు తెలుసు. ఇప్పుడు మనం చెప్పుకోబోయేది సంపాదన కోసం చేసే ప్రయాణం గురించి కాదు. ఒక వైద్యుడో, నర్సో, ఉపాధ్యాయుడో, బోరుబావుల పని తెలిసినవాడో ఆఫ్రికాలోని పేదలకు కొంతకాలం సేవ చేయాలని సంకల్పిస్తే అతను ఎలా సిద్ధం కావాలి?

ఆఫ్రికా మనకు పరాయిదా?

మక్కాలో విశ్వాసుల మీద దౌర్జన్యం పెచ్చుపెరిగినప్పుడు, క్రీ.శ. 615లో, దైవప్రవక్త (స) తన సహచరులను పంపిన దేశం ఆఫ్రికాలోని హబషా (అబిసీనియా). అక్కడి క్రైస్తవ రాజు నజాషీ వారికి ఆశ్రయమిచ్చాడు. వారిని తిరిగి అప్పగించమని ఖురైషీయులు కానుకలతో రాయబారం పంపినా ఆయన లొంగలేదు. అంటే ముస్లిములు ఆఫ్రికాకు మొట్టమొదట వెళ్లింది ఇవ్వడానికి కాదు, అడగడానికి. ఇస్లాం చరిత్రలో ఆఫ్రికా ముందు ఇచ్చిన చేయి.

మన కంచంలో కూడా ఆ బాకీ ఉంది. మనం తినే సంగటిలోని రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల పంట. కర్నూలు రొట్టెకు పిండినిచ్చే జొన్న కూడా వేల సంవత్సరాల క్రితం ఆఫ్రికా నుంచే మన మెట్టపొలాలకు చేరింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు మనకు అన్నం, నీళ్లు తెచ్చినవారు మన బంధువులు కారు. అందువల్ల ఆఫ్రికాకు వెళ్లేవాడు దాతననుకుని వెళ్లకూడదు. బాకీ తీర్చడానికి వెళుతున్నానని అనుకోవాలి.

మొదటి పని: సంకల్పశుద్ధి

కర్మలన్నీ సంకల్పాల (నియ్యత్) మీదే ఆధారపడి ఉంటాయన్నది మనందరికీ తెలిసిన హదీసు. ఆ హదీసు వచ్చిన సందర్భం ఇల్లు విడిచి వెళ్లే ప్రయాణమే, హిజ్రత్. దైవం కోసం వెళ్లినవాడికి దైవం దగ్గర ప్రతిఫలం ఉంది. లోకం కోసం వెళ్లినవాడికి ఆ లోకమే దక్కుతుంది.

కనుక సోదరులారా! వెళ్లే ముందు ఎవరి మనసును వారు ప్రశ్నించుకోవాలి. ఆకలితో ఉన్న బిడ్డ పక్కన నిలబడి దిగిన ఫోటోను ఊరందరికీ చూపాలన్న ఆశ ఎక్కడైనా దాగి ఉందా? సేవ పేరుతో వీసా సంపాదించి, అక్కడికి వెళ్లాక ఉద్యోగం వెతుక్కుందామన్న ఆలోచన ఉందా? మొదటిది రియా (ప్రదర్శనాబుద్ధి), రెండవది మోసం. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టి, వారి నుంచి ప్రతిఫలాన్ని గాని కృతజ్ఞతను గాని ఆశించని వారిని ఖుర్‌ఆన్ దహ్ర్ సూరాలో ప్రశంసించింది. కనీసం 'థాంక్స్' అన్న మాటను కూడా ఆశించకుండా వెళ్లగలిగితేనే వెళ్లాలి.

తల్లిదండ్రుల అనుమతి

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి జిహాద్‌లో పాల్గొనడానికి అనుమతి కోరాడు. నీ తల్లిదండ్రులు బతికి ఉన్నారా అని ఆయన అడిగారు. ఉన్నారని చెప్పగా, వారి సేవలోనే నీ కృషి సాగించమని తిప్పి పంపారు. యమన్‌కు చెందిన ఉవైస్ ఖర్నీ (రహ్మలై) దైవప్రవక్త (స) కాలంలోనే జీవించి కూడా తల్లి సేవ వల్ల ఆయన్ని దర్శించలేకపోయారు. అయినా ఆయన స్థానం తగ్గలేదు. ఉవైస్ కలిస్తే తన కోసం మన్నింపు కోరమని అడగవలసిందిగా హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారికి దైవప్రవక్త (స) సూచించారు.

పొలం ఎండిపోయి, కొడుకు ఒక్కడే ఆధారమై, మందులు తెచ్చివ్వడానికి మరో మనిషి లేని ఇంట్లో ముసలి తల్లి ఉంటే, ఆ కొడుకుకు ఆఫ్రికా ఆమె మంచం పక్కనే ఉంది. ఆమె సంతోషంగా సరేననాలి, ఆమెను చూసుకునే ఏర్పాటూ జరగాలి. ఆ రెండూ లేని ప్రయాణం ఆమె మీద మోపిన భారమవుతుంది. అలిగి, అరిచి, కన్నీళ్లు పెట్టించి తీసుకున్న 'సరే' అనుమతి అనిపించుకోదు.

ఇంటివారి తర్వాత ఇరుగుపొరుగు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఊరు దాటకుండానే ఆకలిగొన్న వేలమందికి అన్నం పెట్టారు. పక్కింటి ఆకలి కనిపించని కంటికి సముద్రం అవతలి ఆకలి కనిపిస్తోందంటే ఆ చూపును అనుమానించాలి.

భార్యాబిడ్డల హక్కు

తన పోషణలో ఉన్నవారిని గాలికి వదిలేయడమే మనిషికి చాలినంత పాపమని హదీసు చెబుతోంది. ఒక సైనికుని భార్య పడుతున్న ఒంటరితనం హజ్రత్ ఉమర్ (రజి) చెవిన పడింది. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను సంప్రదించి, సైనికులను ఒక గడువుకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారు. ఆ గడువు నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నింటిలో ఉంది. ఇస్లామీయ రాజ్యాన్ని రక్షించే సైన్యానికే ఈ నియమం ఉంటే, స్వచ్ఛంద సేవకు వెళ్లేవాడు భార్యను అడగకుండా రెండేళ్లకు ఒప్పుకుని రావడం ఎలా న్యాయమవుతుంది? వెళ్లినన్నాళ్లూ ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు లెక్క చెప్పి వెళ్లాలి.

అప్పులు, అమానతులు, వీలునామా

హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (స) ప్రాణాలకే ముప్పు ఉంది. అయినా మక్కావాసులు తన దగ్గర దాచుకున్న అమానతులను ఎవరివి వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచి వెళ్లారు. ఆ సొమ్ములో ఆయన్ని వ్యతిరేకించినవారివీ ఉన్నాయి! ఇంతకు మించిన ప్రయాణ సన్నాహం మరొకటి లేదు.

ఒకసారి ఒక జనాజాను తెచ్చినప్పుడు, మృతునికి రెండు దీనార్ల అప్పుందని తెలిసి ఆయన నమాజు చేయించకుండా ఆగిపోయారు. ఆ అప్పు తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చాకే చేయించారు. కనుక బ్యాంకులో పెట్టిన బంగారం, అంగడి ఖాతా, స్నేహితుని దగ్గర తీసుకున్న చేబదులు, చీటీ కంతులు అన్నీ కాగితం మీద రాయాలి. తీర్చగలిగినవి తీర్చాలి. మిగిలినవి ఎవరు, ఎప్పుడు తీరుస్తారో సాక్షుల ఎదుట చెప్పాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. చాలామంది దాన్ని అప్పుల్లో లెక్కవేయరు. జకాత్ బాకీ ఉంటే అదీ చెల్లించాలి. వసియ్యత్ చేయవలసిన సొత్తున్న ముస్లిం, రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. మనసు నొప్పించినవారిని వెతుక్కుంటూ వెళ్లి మన్నింపు అడగడం అన్నింటికంటే కష్టం. అదీ చేయాలి.

పని నేర్చుకుని వెళ్లాలి

మంచి మనసు ఒక్కటే రోగిని బతికించదు. కువైట్‌కు చెందిన డాక్టర్ అబ్దుర్రహ్మాన్ అస్సుమైత్ (1947-2013) ఆఫ్రికా పేదల సేవకు తన జీవితాన్ని ధారపోశారు. ఆయన బాగ్దాద్‌లో వైద్యం చదివి, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఉష్ణమండల వ్యాధుల గురించి ప్రత్యేకంగా నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఆఫ్రికా బాట పట్టారు. 1981లో ఆయన నెలకొల్పిన సంస్థ నేడు డైరెక్ట్ ఎయిడ్ పేరుతో ఉంది. 1996లో లభించిన కింగ్ ఫైసల్ బహుమతి సొమ్మును కూడా ఆఫ్రికా పిల్లల చదువుకే ఇచ్చారు.

దేహం కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. ఆఫ్రికాలోని అనేక దేశాలకు వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకాను కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగివచ్చేవారిని మన విమానాశ్రయంలోనే ఆపి, విడిగా ఉంచుతారు. మలేరియా మాత్రలు, దోమతెర గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. ఒంటెను కట్టేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోవాలన్న బోధ ఇక్కడ వర్తిస్తుంది. పిలుస్తున్న సంస్థ నిజమైనదేనా అని విచారించాలి. గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయినవారి గోడు మన ఊళ్లకు తెలియనిది కాదు.

ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులవుతుంది. ఒకేచోట 15 రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పిస్తే హనఫీ విద్వాంసుల ప్రకారం పూర్తిగా చేయాలి. సోదరీమణులు తమ ప్రయాణానికి సంబంధించిన ధర్మనియమాలను ముందుగానే విద్వాంసులను అడిగి తెలుసుకోవాలి.

అక్కడ ఎలా మెలగాలి?

తల్లి రంగును ఎత్తి ఒకరిని ఎగతాళి చేసినందుకు హజ్రత్ అబూజర్ (రజి) అంతటి సహచరుణ్ణి, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. నలుపు రంగును చిన్నచూపు చూసే మాటలు మన ఇళ్లలోనూ వినిపిస్తాయి. పెళ్లిచూపుల్లోనూ వినిపిస్తాయి. ఆ మాటలను ఇక్కడే వదిలి విమానం ఎక్కాలి.

హబషాలోని సహచరులే మనకు ఆదర్శం. నజాషీ మీద శత్రువు దండెత్తినప్పుడు వారు ఆయన విజయం కోసం దుఆ చేశారు. యువకుడైన జుబైర్ (రజి) గాలి నింపిన తోలుతిత్తి సాయంతో నైలు నది ఈది, యుద్ధఫలితాన్ని తెలుసుకుని వచ్చారు. ఆ గడ్డ మేలే తమ మేలనుకున్నారు వారు. హజ్రత్ జాఫర్ (రజి) దాదాపు 13 ఏళ్లు అక్కడే ఉన్నారు. ఆయన బిడ్డలు ఆ నేలమీదే పుట్టారు.

ప్రయాణికుణ్ణి సాగనంపేటప్పుడు అతని ధర్మాన్ని, అమానతును, కర్మల ముగింపును అల్లాహ్‌కు అప్పగించడం దైవప్రవక్త (స) సంప్రదాయం. భుజానికి కట్టే తాయెత్తు కంటే ఈ దుఆ ఎంతో గట్టిది. ఓ అల్లాహ్! నీ ప్రసన్నత కోసం ఇల్లు విడిచేవారి సంకల్పాన్ని పరిశుద్ధం చెయ్యి. వారు వదిలి వెళ్లే తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు నువ్వే సంరక్షకుడివి కా. వారి చేతుల మీదుగా నీ దాసుల కష్టాలు తొలగించు. వెళ్లలేక తల్లి మంచం దగ్గరే ఆగిపోయినవారికీ అదే పుణ్యం రాయి. ఆమీన్.