నమ్ముకున్నోళ్లు

మా రుద్రంగిలో 'క్రైస్తవులు' అనే మాట ఎవరి నోటా పెద్దగా వినపడదు. అది కాగితాల మీది మాట, పాస్టరు గారి మాట. ఊరికి మేము 'నమ్ముకున్నోళ్లం'. 'ఫలానా ఇంటోళ్లు ప్రభువును నమ్ముకున్నరట' అంటారు. చిన్నప్పుడు ఆ మాట వింటే తల దించుకునేవాణ్ణి, ఏదో వేరు చేసి చూస్తున్నట్టు ఉండేది. యాభై దాటిన తర్వాత ఇప్పుడు అనిపిస్తోంది, మమ్మల్ని పిలవడానికి ఇంతకన్నా సరైన పేరు, ఇంతకన్నా బరువైన పేరు మరొకటి లేదని.

నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. వాన పడుతుందని ఎవరైనా నమ్మొచ్చు. పడకపోతే అనుకున్నది తప్పయింది, అంతే. వానను నమ్ముకొని మక్కలు పెట్టినవాడి సంగతి అట్లా కాదు. వాడి విత్తనం, వాడి అప్పు, ఏడాదంతా ఇంటి తిండి ఆ మొగులు మీదే ఉంటాయి. మా దిక్కు బోరును నమ్ముకున్నోళ్లున్నారు, బీడీని నమ్ముకున్నోళ్లున్నారు, దుబాయిని నమ్ముకున్నోళ్లున్నారు. కోరుట్ల తొవ్వ పట్టి వేములవాడకు కోడె మొక్కు చెల్లించడానికి పోయేవాళ్లు రాజన్నను నమ్ముకున్నోళ్లు. ఊరు మాకూ అదే మాట వాడింది. మా తలలో ఏమున్నదో ఊరికి అక్కర లేదు, మా బరువు ఎవరి మీద వేశామో అది చూసింది.

గుడిలో మేము విశ్వాస ప్రమాణం చెబుతాం. క్రీస్తు ఎవరన్న వాదం ముదిరి, 325లో నీకయలో బిషప్పులు కూడి తేల్చిన మాటలే దానికి పునాది. ఆ కూడికకు 2025తో పదిహేడు వందల ఏళ్లు నిండాయి. అందులో ఒక్క మాటను కూడా నేను కాదనను. కానీ నలభై ఏళ్లుగా దాన్ని చూడకుండా చెబుతున్న నాకు తెలుసు, అది మొత్తం తప్పు లేకుండా అప్పజెప్పి, చెప్పులు వేసుకొని, వచ్చినట్టే ఇంటికి పోవచ్చు. అందులో ఉన్నది నమ్మడం. నమ్ముకోవడం గుడి మెట్లు దిగినంక మొదలవుతుంది.

అసలు క్రైస్తవులు అనే పేరు కూడా మొదట శిష్యులు తమకు తాము పెట్టుకున్నది కాదు. అంతియొకయలో వాళ్లను జనం అట్లా పిలిచారు. కొత్త నిబంధన అంతటా వెతికినా ఆ మాట మూడు చోట్లే దొరుకుతుంది. మనిషి ఎవరిని నమ్ముకున్నాడో పక్కింటివాడే చెప్పాలేమో. సొంత నోటితో చెప్పుకుంటే ఆ మాట తేలికవుతుంది.

ఇక్కడ ఒక పాత నింద గురించి మాట్లాడాలి. మా వాళ్లు గంజి కోసం, బువ్వ కోసం గుడిలో కలిశారని అంటారు. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ ఆ మాట పడకూడదనే కాబోలు, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకొని జనానికి పని ఇచ్చాడు గానీ, కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గినంక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. మెదక్‌లోనూ కరువు మాట ఉంది. అక్కడి మిషనరీ పోస్నెట్ దొర పదేళ్లు కట్టించి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన ఆ పెద్ద గుడి రాళ్లు కరువు కాలంలో కూలికి బువ్వ దొరికిన చేతులు మోసినవని మా పెద్దవాళ్లు చెప్పేవారు. క్లవ్ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. కానీ ఆకలితో వచ్చినవాడి విశ్వాసం తక్కువది అన్నప్పుడు నాకు కోపం వస్తుంది. గిన్నె పట్టుకొని నిలబడ్డవాడి కన్నా నమ్ముకోవడం ఎవరికి ఎక్కువ తెలుసు? కడుపు నిండినవాళ్లమే తరచుగా నమ్మడం దగ్గర ఆగిపోతాం.

కాగితం సంగతి మరో బాధ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అన్న గుర్తింపు మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు మన దగ్గర బీసీ-సి, అక్కడున్న రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇండ్లలో స్కూలు రిజిస్టరులో ఒక పేరు, గుడి పుస్తకంలో ఒక పేరు. పిల్లల సీటు కోసం నోరు మూసుకున్న తండ్రిని నేను అబద్ధికుడని అనలేను. మతం మారినా మా వాడను ఊరు అదే వాడగా చూసింది, కాగితం మాత్రం మారిపోయావు అంది. ఆ రెండింటి నడుమ నలిగిన మనిషిని ముందు ఆ కాగితం రాసిన చెయ్యి అర్థం చేసుకోవాలి.

నా తప్పు అటువంటిది కాదు. 2016లో మా గల్లీ పిలగాడు సౌదీ నుంచి ఫోన్ చేశాడు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పాస్‌పోర్టు ఇవ్వడం లేదు, ఐదు నెలల జీతం ఆగింది. ఎంబసీకి దరఖాస్తు రాసి పెట్టమన్నాడు. 'పెద్దనాయినా, నిన్నే నమ్ముకున్న' అన్నాడు. రేపు రాస్తానన్నాను. ఆ రేపు తెల్లవారలేదు. నాకు కష్టమేమీ లేదు, బద్ధకం తప్ప. ఆ వారం కూడా గుడికి పోయాను, ప్రమాణం చెప్పాను. పిలగాడు ఖల్లివల్లి అయి, అంటే కాగితాలు లేనివాడై, దాక్కొని పని చేసి, 2017లో సౌదీ సర్కారు ఆమ్నెస్టీ పెట్టినప్పుడు ఇంటికి చేరాడు. ఇప్పటికీ ఎదురుపడితే నమస్తే పెడతాడు. ఆ నమస్తే అందుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అప్పుడల్లా మా అవ్వ గుర్తొస్తుంది. అవ్వకు ప్రమాణం సగం కూడా రాదు, నడుమ పెదవులు ఊరికే కదిపేది. బీడీలు చేసేది. తునికాకును రాత్రి తడిపి, పొద్దున రేకు కొలతతో కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే చీకటి పడేదాకా లేచేది కాదు. నేను పదో తరగతి చదివే ఏడు పక్కింటాయన మస్కటు పోతూ ఒక గుడ్డ మూట తెచ్చి ఇచ్చాడు. వాళ్లు రాజన్న భక్తులు.

'గిది నీ దగ్గెర ఉంచు అక్కా. మీరు నమ్ముకున్నోళ్లు, నాకు రంది లేదు' అన్నాడు.

కాగితం లేదు, సాక్షి లేడు. మూట రేకు పెట్టెలో అడుగున పడింది. మరుసటేడు నా కాలేజీ ఫీజు గడువు వచ్చింది. ఇంట్లో పైసలు లేవు. 'మూటలకెళ్లి తీసి మళ్ల పెడుదామే అవ్వా' అన్నాను. అవ్వ నన్ను తిట్టలేదు, జవాబూ చెప్పలేదు. లేచి ఇంకో కట్ట ఆకు తడిపింది. ఆ నెలంతా గుడ్డి దీపం దగ్గర రాత్రిళ్లు కూడా చేసింది.

మూడేళ్లకు ఆయన వచ్చాడు. మూట తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన కట్టిన ముడి ఆయన కట్టినట్టే ఉంది. నవ్వి, చంకలో పెట్టుకొని లేవబోయాడు.

'లెక్కవెట్టుకో తమ్మీ' అంది అవ్వ.

'గదేంది అక్కా, మీ దగ్గెర లెక్కేంది?'

'గట్ల కాదు. కూసో. లెక్కవెట్టుకొనే పో.'

ఆయన గడప మీద కూర్చొని, ముడి విప్పి, ఒక్కొక్క నోటు తీసి పైకి లెక్కపెట్టాడు. అయిపోయేదాకా అవ్వ తల ఎత్తలేదు, బీడీలు చుడుతూనే ఉంది.