అవధాన సభ – అదేరోజు దృశ్యసంక్షేపం : ధారణ, ఎంపిక, న్యాయం

సభ ముగిసిన రాత్రికే, ఒక్కొక్కసారి సభ ఇంకా నడుస్తుండగానే, అందులోని కొన్ని ఘట్టాలను ఒకటి రెండు నిమిషాల వీడియోగా కూర్చి సామాజిక మాధ్యమాల్లో ఉంచడం పెండ్లి మొదలు పుస్తకావిష్కరణ వరకు అన్ని వేడుకలకూ ఆచారమైంది. 2020లో భారతదేశంలో టిక్‌టాక్‌ను నిషేధించడం, అదే సంవత్సరం ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ ప్రవేశించడం తెలిసినవే. సాహిత్యసభలు కూడా ఈ మార్గంలోకి వచ్చాయి. అష్టావధాన సభ ఇందుకు మినహాయింపు కాదు. అయితే ఇతర వేడుకల విషయంలో అంతగా పైకి తేలని ఒక నైతిక ప్రశ్న అవధానం దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. వీడియోలోని ప్రతి క్షణమూ నిజంగా జరిగినదే అయినప్పటికీ, మొత్తం మీద అది సభను గురించి అసత్యం చెప్పగలదా? చెప్పితే ఆ బాధ్యత ఎవరిది?

అవధాన ప్రక్రియ నిర్మాణాన్ని గుర్తు చేసుకుంటే తప్ప ఈ ప్రశ్న బరువు తెలియదు. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులుంటారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, వ్యస్తాక్షరి, ఆశువు, పురాణపఠనం, అప్రస్తుతప్రసంగం వంటి అంశాలు సభను బట్టి కొద్దిగా మారుతుంటాయి. పద్యం ఒక్కసారిగా పూర్తి కాదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చొప్పున, ఒక పృచ్ఛకుని నుంచి మరొకరి దగ్గరికి సాగుతూ, నాలుగు ఆవృత్తుల్లో పూరణ జరుగుతుంది. చివర అవధాని ఆ పద్యాలన్నింటినీ వరుసగా అప్పగిస్తాడు. అదే ధారణ. మొత్తం రెండు మూడు గంటల వ్యవహారం. అందులో చూడడానికి ఏమీ జరగనట్లు కనిపించే కాలమే ఎక్కువ.

నిషిద్ధాక్షరినే తీసుకుందాం. రామస్తుతి చెప్పమన్నప్పుడు అవధాని ‘శ్రీ’ అన్నాడనుకుందాం. తర్వాత ‘రా’ వస్తుందని ఊహించిన పృచ్ఛకుడు రకారాన్ని నిషేధిస్తాడు. అవధాని ఒక్క క్షణం ఆగి వేరే అక్షరం వైపు తిరుగుతాడు. పృచ్ఛకుడు మళ్ళీ ఊహిస్తాడు, మళ్ళీ ఆపుతాడు. ఛందస్సు తెలిసిన శ్రోతలు తమలో తాము ఒక మాటను సిద్ధం చేసుకొని, అవధాని దానినే అంటాడో మరొకటి అంటాడోనని ఎదురుచూస్తారు. ఈ ఎదురుచూపే అక్కడి రసం. కెమెరాకు మాత్రం అది ఇద్దరు మనుషులు మౌనంగా ఒకరినొకరు చూసుకోవడమే. సంకలనకర్త ముందుగా కత్తిరించేది ఈ భాగాన్నే.

అతడు ఉంచుకునేది అప్రస్తుతప్రసంగం. అది సహజం. నవ్వు వెంటనే వినిపిస్తుంది, ప్రేక్షకుల చప్పట్లు తెలుస్తాయి, ప్రశ్నా జవాబూ ఇరవై సెకన్లలో ముగుస్తాయి. కాని అప్రస్తుతప్రసంగం అవధానంలో ఉన్నది నవ్వించడం కోసం మాత్రమే కాదు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం దాని పని. మనసులో అరడజను అసంపూర్ణ పద్యాలను మోస్తున్న మనిషి ఆ చిలిపి ప్రశ్నకు చమత్కారంగా బదులు చెప్పి, మళ్ళీ విడిచిన పాదాన్ని అందుకోవడంలో విశేషముంది. ఆ బరువును తీసివేసి జవాబును మాత్రమే చూపితే అవధాని హాస్యవక్తగా మిగులుతాడు.

నాట్యశాస్త్రంలోని సిద్ధి ప్రకరణం ఈ సందర్భంలో ఆలోచించదగినది. భరతుడు ప్రయోగసిద్ధిని మానుషి, దైవిక అని రెండుగా విభజించాడు. చిరునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’ అనే మెచ్చుకోలు, పులకింత, లేచి నిలబడటం మొదలైనవి మానుషీసిద్ధికి గుర్తులు. ప్రేక్షాగృహం నిండి ఉండి, శబ్దమూ క్షోభా లేకపోవడం దైవికసిద్ధికి గుర్తు. అంటే నిండుసభలోని నిశ్శబ్దాన్ని ఆయన విజయచిహ్నంగా లెక్కించాడు. అదేరోజు వీడియో మానుషీసిద్ధిని బాగా పట్టుకుంటుంది. దైవికసిద్ధిని పట్టుకునే ఉపాయం దానికి లేదు. నిశ్శబ్దం వచ్చినచోట నేపథ్యసంగీతం వేయడం దాని అలవాటు.

దత్తపది విషయంలో మరొక విచిత్రముంది. నాలుగు ఫలహారాల పేర్లో, నాలుగు సినిమా పేర్లో ఇచ్చి వాటిని భారతార్థంలో వాడి పద్యం చెప్పమనడం సభల్లో పరిపాటి. ఇది రీలుకు చక్కగా ఒదుగుతుంది. ఆరంభంలో ప్రశ్న, వెంటనే నాలుగు పాదాల పూర్తి పద్యం, చివర చప్పట్లు. చూసేవారికి అవధాని అడిగిన వెంటనే పద్యం చెప్పినట్లు తోస్తుంది. అతని ప్రతిభను పెద్దది చేసి చూపాలన్నదే సంకలనకర్త ఉద్దేశం కావచ్చు. ఫలితం తద్విరుద్ధం. అడిగిన వెంటనే పద్యం చెప్పడం ఆశుకవిత్వం. మొదటి పాదానికీ రెండవ పాదానికీ నడుమ మరి ఏడుగురికి సమాధానం చెప్పి వచ్చి, ఆ పాదపు యతిప్రాసలను మరువకుండా అందుకోవడం అవధానం. నడిమి కాలాన్ని తొలగించడంతో అవధానమే తొలగిపోయింది. ప్రశంస మాత్రం మిగిలింది, అదీ వేరొక విద్యకు చెందవలసిన ప్రశంస.

ఇంతవరకు చెప్పినది అవగాహనలోపం. సమస్యాపూరణ దగ్గర ఇది అన్యాయంగా మారుతుంది. సమస్య స్వభావమే విపరీతార్థాన్ని స్ఫురింపజేయడం. పతివ్రతకు దోషం అంటగట్టినట్లో, దైవాన్ని నిందించినట్లో ఉండే పాదాన్ని పృచ్ఛకుడు ఇస్తాడు. అవధాని పదవిభాగంతోనో, క్రమాలంకారంతోనో, ముందు మూడు పాదాల్లో కల్పించిన సందర్భంతోనో దానిని నిర్దోషం చేస్తాడు. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే సమస్య పూర్వపక్షం, పూరణ సిద్ధాంతం. మొదటి ఆవృత్తి కాగానే వీడియో బయటికి వెళ్ళినప్పుడు పూర్వపక్షం మాత్రమే లోకానికి చేరుతుంది. ఆ పాదాన్ని ఇచ్చిన పృచ్ఛకుడు ఏ కళాశాల అధ్యాపకుడో అయి ఉంటాడు. మరునాడు అతడు ఎన్నడూ అనని అభిప్రాయానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. వాక్యతాత్పర్యాన్ని నిర్ణయించే లింగాల్లో ఉపక్రమోపసంహారాలను మొదట చెప్పిన మీమాంసకుల దృష్టితో చూస్తే, ఉపసంహారం ఇంకా పుట్టకముందే ప్రచారంలోకి వచ్చిన మాటకు తాత్పర్యం ఉండటానికే వీలులేదు.

ఖండించి చూపడం కొత్త దోషం కాదని ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. అది విలువైన ఆక్షేపణే. తెలుగులో చాటుపద్యమనేది సభ నుంచి విడివడి బయటికి వచ్చిన ఖండం కాక మరేమిటి? తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు నాటకాన్ని ఎన్నడూ చూడనివారి నోళ్ళలోనూ ఆడాయి. పద్యనాటక రంగస్థలం మీద ‘వన్స్‌మోర్’ అన్న కేక కథాగమనాన్ని నిలిపివేసి ఒక పద్యాన్ని వేరుచేసేది. అచ్చుపుస్తకమూ కత్తిరించింది. ఆ జంటకవుల శతావధానసారము వంటి గ్రంథాల్లో పూర్తయిన పద్యాలకే ప్రాధాన్యం. సభలోని నవ్వులు, తడబాట్లు, నడిమి నిరీక్షణ అందులోకి రావు. అచ్చు నవ్వును విడిచి పద్యాన్ని ఉంచుకుంది, రీలు పద్యాన్ని విడిచి నవ్వును ఉంచుకుంటున్నది. మొదటిదానిని గౌరవించి రెండవదానిని తప్పుపట్టడం పండితుల పక్షపాతమే అవుతుందేమో.

అయినా రెండింటికీ భేదముంది. చాటువు ఒక కథతో కలిసి ప్రయాణిస్తుంది. ఎవరు అడిగారు, ఏ సందర్భంలో అడిగారు, కవి ఏమని బదులిచ్చాడు అని చెప్పిన తర్వాతే పద్యం వస్తుంది. ఆ కథ చరిత్రకు నిలవకపోవచ్చు, కాని పద్యానికి సందర్భం అవసరమన్న స్పృహ అందులో ఉంది. పైగా ఏ పద్యం మిగలాలో చాలా నోళ్ళు చాలాకాలం మీద నిర్ణయించాయి. అదేరోజు వీడియోలో ఆ నిర్ణయం ఒక్కరిది, ఒక్క రాత్రిది. వెనుక వరుసలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న యువకునికి ఛందస్సు తెలియకపోవడం అతని నేరం కాదు. పదిగంటల లోపల పెట్టాలని నియమం విధించింది నిర్వాహకులు. ఏది ఉంచాలో అతనికి చెప్పగలిగినవారు వేదిక మీదనే ఉన్నారు. వారిని ఎవరూ అడగరు.

ఈ వీడియోల వల్లనే అవధానమనే మాట విన్న విద్యార్థులున్నారన్నదీ కాదనలేని వాస్తవం. అమెరికాలోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉన్న తెలుగువారికి ఆ సభ ఆ రాత్రే అందడం చిన్న మేలు కాదు. కాని సభకు రాలేనివారికి తాము చూస్తున్నదానిని సరిచూసుకునే మార్గం లేదు. వచ్చినవారికి తమ జ్ఞాపకముంది, రానివారికి వీడియోయే సభ. కనుక పరోక్షంలో ఉన్న శ్రోత పట్ల బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

నిజానికి అవధాన సభకు బయటినుంచి సంక్షేపం చేయవలసిన పని అంతగా లేదు. సభ తన సంక్షేపాన్ని తనలోనే పెట్టుకుంది. ధారణ అదే. ఆ రోజే, ఆ వేదిక మీదనే, అనుభవించినవాడే చేసే పునఃకథనం అది. ధారణకు ఒక నియమముంది: ఎంపిక చేసుకునే హక్కు అవధానికి లేదు. రెండవ ఆవృత్తిలో తొందరపడి వేసిన వ్యర్థపదం, తనకే నచ్చని సమాసం, అంతగా పండని వర్ణన అన్నీ ఉన్నవి ఉన్నట్లే చెప్పాలి. మెరుగుపరచి చెప్పితే అది ధారణలో పొరపాటుగానే లెక్కకు వస్తుంది. తన బలహీనమైన పాదాన్ని కూడా సభ ఎదుట మళ్ళీ పలకవలసిన ఈ నిర్బంధంలో ఉన్న నిజాయితీ, తన తరఫున ఇతరులు మెరుపులను ఏరి చూపడంలో లేదు. యువ అవధానులకు ఇప్పుడు రెండు రకాల పరీక్షకులు ఏర్పడ్డారు. ధారణను గమనించే సభ ఒకటి, ధారణ దాకా ఆగని తెర మరొకటి. రెండవదాని మెప్పుకు అలవాటుపడినవారు అప్రస్తుతప్రసంగి ప్రశ్నలను ముందే మాట్లాడుకోవాలనే ఒత్తిడికి లోనుకావడం అసంభవమేమీ కాదు.

నిర్వాహకులు ధారణ ముగిసేవరకు ఏదీ బయటికి పంపకపోవడం, సమస్యను పూరణతో కలిపే చూపడం, పద్యపాదాల నడుమ గడిచిన కాలాన్ని తెరమీద ఒక మాటలో తెలపడం కష్టసాధ్యమైన పనులు కావు. మొదటి నియమం ఒక్కటి పాటించినా సమస్యాపాదం వల్ల కలిగే అన్యాయం చాలావరకు తప్పుతుంది. శతావధానంలో దీని అవసరం ఇంకా తీవ్రం. అక్కడ ఆవృత్తులు కొన్ని రోజుల మీద సాగుతాయి, ధారణ ఆఖరున ఉంటుంది. మొదటి ఆవృత్తి ముగిసిన రాత్రి సిద్ధమయ్యే ‘నేటి విశేషాలు’ వీడియోలో ఎన్ని సమస్యలు, దత్తపదులు, వర్ణనలు కనిపించినా, వాటిలో పూర్తయిన పద్యం ఒక్కటీ ఉండదు.