పాత జీపు – యజమాని ధర్మము

1941 మొదలు 1945 వఱకు యుద్ధమునకై నిర్మింపఁబడిన విల్లీస్ జీపులను నేఁటికిని కొందఱు తమ యింటి పెరటిలోనే బాగుచేసికొనుచున్నారు. పాతదానిని పాఱవేయక నిలుపుకొనుట సద్గుణమే. కాని సొంత బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుకొను హక్కునకు మేర లేదా?

తుప్పు తినిన చట్రముపై రంగు పూసినచో కంటికి బండి క్రొత్తది, బలమునకు పాతదే. కమానులు మార్చి బండిని ఎత్తుచేసినచో గురుత్వకేంద్రము పైకి జరిగి, మలుపులలో బోల్తాపడు భయము హెచ్చును. ఇంజనును మార్చి వేగము పెంచి, బ్రేకులను పూర్వమువలెనే విడిచినచో, ఆ తప్పునకు మూల్యము చెల్లించువాఁడు దారిన పోవు బాలుఁడు కావచ్చును. తయారీదారుని వివరములకు విరుద్ధమైన మార్పులను మన 1988 నాఁటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను సామాన్యముగా నిషేధించుచున్నది. అయినను చట్టము చట్రము క్రిందికి వంగి చూడఁజాలదు. అచ్చట చూడవలసినది మన మనస్సాక్షియే.

పెరడు మనది, బాట పదుగురిది. ఎవ్వరికిని కనఁబడని తుప్పును ముందు గీఁకి, రంగు పిమ్మట వేయుటయే సంస్కరణమని మేము తలఁచుచున్నాము. ఇది జీపునకు మాత్రమే చెల్లు మాట కాదు.