కనబడటం

ఆటోనగర్‌లో బండికి నీలం ఎల్‌ఈడీ స్ట్రిప్, ముందు రెండు తెల్ల ఫాగ్‌లైట్లు వేయించాను. అమ్మతో ‘సేఫ్టీకి’ అన్నాను. సగమే నిజం. బెంజ్ సర్కిల్లో నలుగురూ తిరిగి చూడాలన్నది మిగతా సగం.

కనబడాలనుకోవడం తప్పా? 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటోంది. అది దారి చూడ్డానికి కాదు, ఎదుటివాళ్లకి కనబడ్డానికే.

మొన్న రాత్రి కరకట్ట మీద ఎదురొచ్చిన సైకిల్ తాత కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు అంచుకి వెళ్లిపోయాడు. పడలేదు. ఆయనకి నేను బాగానే కనబడ్డాను, దారే కనబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన సైకిల్‌కి రిఫ్లెక్టర్ కూడా లేదు.

నీలం స్ట్రిప్ ఉంచుకున్నాను. ఫాగ్‌లైట్లు కిందికి వంచాను. వెలుగు కొనుక్కోగలిగినవాడు, కొనుక్కోలేనివాడికి ఎంత బాకీ? అంతవరకూ ఇంకా లెక్క తేలలేదు.