చీటీలో ఉన్నదే రాశాను

ఒక దివాణంలో కొత్తగా పనికి కుదిరినవాళ్ల వివరాలు దస్తరంలోకి ఎక్కించే గుమస్తా ఉండేవాడు. పేరు, ఊరు, చేసే పని ఎవరికి వాళ్లు చీటీ మీద రాసి తేవాలి. గుమస్తాది మహా చేతివేగం. ఎడమ పక్క ఏ మాట ఉంటే ఆ గడిలో కుడి పక్కది దింపేసేవాడు. ఆ పేరున గడి లేకపోతే అప్పటికప్పుడు కొత్తది గీసేవాడు.

ఒకడు తొందరలో ‘ఊరు’ బదులు ‘ఉరు’ అని రాశాడు. దస్తరంలో ‘ఉరు’ అని ఒక గడి వెలిసింది. ‘ఊరు’ గడి ఖాళీ. ఆ మనిషికి కబురు పంపాల్సి వచ్చేదాకా ఎవరూ గమనించలేదు. దివానుగారు విసుక్కుని, గడులు అచ్చు వేసిన దస్తరం తెప్పించారు. ఇక కొత్త గడి గీయడానికి లేదు.

తర్వాత పశువుల కొట్టంలో పనికి ఒక గడుసువాడు వచ్చాడు. చీటీ అడుగున ఒక వరస ఎక్కువ రాశాడు: ‘ధాన్యపు కొట్టు తాళం: ఇతని దగ్గర’. తాళం గడి అచ్చులో ఉన్నదే. గుమస్తా నింపాడు, కావలివాడు దస్తరం చూసి తాళం ఇచ్చాడు. తెల్లారేసరికి గాదెలు ఖాళీ.

“ఏమయ్యా, వీడికి తాళం రాసిందెవరు?”

“చీటీలో ఉన్నదే రాశానండీ.”

దివాను గుమస్తా బల్లకు ఒక కాగితం అంటించారు: చీటీలోంచి పేరు, ఊరు, పని మాత్రమే. తాళం గడి నా చేతిరాతతోనే.

నీతి: ప్రోగ్రాములోనూ అంతే, బయటినుంచి అర్రేలో వచ్చిన ప్రతి కీనీ ఆబ్జెక్టుకు ప్రాపర్టీ చెయ్యకూడదు. బయటివాడు నింపదగినవేవో ముందే పేరుపేరునా రాసిపెట్టుకోవాలి. పీహెచ్‌పీలో ఫర్‌ఈచ్ తిప్పి ఆబ్జెక్టు నింపడం రెండు మూడు లైన్ల పని, అందుకే చెయ్యి అటే పోతుంది. 2012 మార్చిలో ఎగోర్ హొమకోవ్ అనే ప్రోగ్రామర్ గిట్‌హబ్ ఫారంలో లేని ఒక ఫీల్డును కలిపి పంపి, రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టులో రాసే హక్కున్న ఖాతాకు తన పబ్లిక్ కీ తగిలించి చూపించాడు. మరుసటి ఏడు వచ్చిన రైల్స్ 4లో, అనుమతించిన ఫీల్డులనే లోపలికి రానిచ్చే స్ట్రాంగ్ పారామీటర్స్ చేరింది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో ఫిల్లబుల్ జాబితా చేసేదీ ఆ పనే.

ప్రాపర్టీ ఉందో లేదో చూసుకుంటే చాలదా అంటారు. పీహెచ్‌పీ 8.2 కూడా డిక్లేర్ చేయని ప్రాపర్టీ పుడితే హెచ్చరిస్తుంది. ఆ తనిఖీకి ‘ఉరు’ దొరుకుతుంది, తాళం దొరకదు. తాళంలాంటి ఈజ్ అడ్మిన్ అనే ప్రాపర్టీని క్లాసులో మనమే డిక్లేర్ చేసి ఉంటాం కదా!