తెలిసినా తీరని శంక

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, వాడుకలో ఓసీడీ, ఉన్నవారిలో చాలామందికి తాము చేస్తున్నది అతి అని తెలిసే ఉంటుంది. గ్యాస్ కట్టేశారు, నాబ్ తిరిగి ఉండటం కళ్ళారా చూశారు, అయినా గడప దాటాక వెనక్కి వస్తారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ఈ ఎరుకలో తేడాలను గుర్తించింది: తమ భయం నిజం కాదని గ్రహించేవారు, బహుశా నిజమే అనుకునేవారు, పూర్తిగా నమ్మేసేవారు. అజ్ఞానం పోతే బంధం తెగుతుందని చెప్పే తత్త్వాలకు మొదటి కోవవారి బాధ గట్టి ప్రశ్నే.

ఓసీడీ ఉన్నవారి తెలివితేటలకు లోటుండదు. ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్ళించడంలో, మొదలైన చర్యను ఆపుకోవడంలో సగటున కొంత తడబాటు కనిపిస్తుంది, అంతే. జ్ఞాపకం సంగతి మరీ చిత్రం. నెదర్లాండ్స్ పరిశోధకులు వాన్ డెన్ హౌట్, కిండ్ట్ ఆరోగ్యవంతుల చేత కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యిని పదేపదే తనిఖీ చేయించారు. 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఏవి చూశారో వారికి సరిగ్గానే గుర్తుంది. ఆ గుర్తు మీద నమ్మకం మాత్రం సడలిపోయింది. అంటే శంక తీర్చుకోవడానికి చేసే పనే శంకను పెంచుతోంది.

ఈ చిక్కును అనుభవించి రాసినవారిలో స్పెయిన్‌కు చెందిన కాథలిక్ సాధువు ఇగ్నేషియస్ లయోలా ముఖ్యుడు. 1522లో మన్రేసాలో చేరాక, చెప్పుకున్న పాపాలనే గురువు ముందు చేసే పాపసంకీర్తనంలో మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవాడు. బాగా స్పష్టంగా తోచినవి తప్ప పాతవి ఎత్తవద్దని గురువు ఆదేశిస్తే, ఆయనకు అన్నీ స్పష్టంగానే తోచాయి! ప్రాణం తీసుకోవాలనిపించేంత వేదన పడ్డాక, గడిచినవాటిని ఇక ఎత్తనని నిశ్చయించుకుని బయటపడ్డాడు. 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఎంతో సూక్ష్మమైనది. శిలువలా పడి ఉన్న గడ్డిపోచలను పొరపాటున తొక్కినవాడు అది పాపమని తీర్మానించుకుంటే, అది తప్పుడు తీర్పు మాత్రమే. పాపం కాదనిపిస్తూనే, ఏమో అన్న కలత వదలకపోతే అదీ అసలైన శంక.

పూజలో కూర్చున్నప్పుడు దేవుడి మీద బూతు మాట మెదలడం, పసిబిడ్డను ఎత్తుకుంటే పడేస్తానేమో అనిపించడం ఈ వ్యాధి లేనివారికీ జరిగేవే. అలాంటి తలపులు మామూలు మనుషులకూ వస్తాయని 1978లో పరిశోధకులు రాక్‌మన్, డిసిల్వా చూపించారు. ఓసీడీ ఉన్న మనిషి ఆ తలపును తన గుణానికి సాక్ష్యంగా పట్టుకుంటాడు, అపచారమంటూ లెంపలేసుకుంటాడు. కోరకుండా వచ్చిన తలపుకు పాపం అంటగట్టడం అన్యాయం. తలపు కూడా దృశ్యమే, చూసేవాడు వేరు అన్న అద్వైత వివేకం ఇక్కడ నిజంగా ఊరట ఇస్తుంది. కానీ భయం వేసినప్పుడల్లా 'నేను సాక్షిని' అని లెక్కపెట్టి అనుకోవడం మొదలైతే, అదీ మరో తంతు అయిపోతుంది.

1966లో విక్టర్ మేయర్ ప్రచురించిన పద్ధతి నుంచి ఎదిగిన చికిత్స శంకతో వాదించదు. భయపెట్టేదాన్ని ఎదురుగా ఉంచి, చేతులు కడగకుండా, వెనక్కి వెళ్ళి చూడకుండా ఉండటం మెల్లమెల్లగా అలవాటు చేస్తుంది. 'కట్టేశావులే' అని ఇంట్లోవాళ్ళు పదేపదే హామీ ఇవ్వడం కూడా ఆ తంతులో భాగమే కనుక, దాన్నీ క్రమంగా మాన్పిస్తారు.